మలావీ దేశమున ఎయిడ్స్: ఒక దేశపు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయము స్థాపితమై ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల ఈ బీరువాలనే గురువులుగా నెంచి భారత భాగవతములు చదువుకొన్నవాడను గనుక నేను ఏ పర్వమును గూర్చియో, ఏ స్కంధమును గూర్చియో ప్రసంగింతునని మీరు తలచియుందురు. నేడు నేనెత్తుకొన్న విషయము వేరు. ఆఫ్రికా ఖండమున మలావీ యను చిన్న దేశము కలదు. ఆ దేశమును ఎయిడ్స్ వ్యాధి ఎట్లు కూల్చినదో, ఆ దేశము తిరిగి ఎట్లు లేచి నిలిచినదో మీకు మనవి చేయదలచినాను.

పండుగనాడు రోగపు మాట యేల యని ఎవరైన అడుగవచ్చును. దానికి నా సమాధానము రెండు విధములు. గ్రంథాలయము కట్టుకొన్నది మన ఊరి పొలిమేరకు ఆవలనున్న మనుష్యుల సుఖదుఃఖములు తెలిసికొనుటకు. ఇది మొదటిది. ఆ దేశపు కథలో తెలుగునేలకు కూడ పాత్ర కలదు. అది వినినప్పుడు మనకు కొంత సంతోషమును, దానితోపాటు కొంత బాధ్యతయు కలుగును. ఇది రెండవది. ఈ గ్రంథాలయపు తలుపులు తెరచిన కాలమును, నేను చెప్పబోవు కథ మలుపు తిరిగిన కాలమును ఇంచుమించు ఒకటే యగుట కూడ నన్నీ విషయమునకు పురికొల్పినది.

ముందుగా ఆ దేశమెట్టిదో చెప్పెదను. మలావీ ఆఫ్రికాకు ఆగ్నేయభాగమున నున్నది. సముద్రతీరము లేదు. టాంజానియా, జాంబియా, మొజాంబిక్ దేశములు దానిని చుట్టుకొనియున్నవి. దేశ వైశాల్యములో ఇంచుమించు ఐదవ వంతు ఒక్క మహాసరస్సే. పూర్వము న్యాసాలాండ్ అను పేర ఆంగ్లేయుల పాలనలో నుండి, 1964 జూలై 6వ తేదీన స్వతంత్రమైనది. 2018 జనాభా లెక్కల ప్రకారము అచ్చటి జనసంఖ్య సుమారు ఒక కోటి 75 లక్షలు. నూటికి ఎనుబదిమందికి పైగా పల్లెవాసులే. వారి పంట మొక్కజొన్న. ఆ పిండిని ఉడికించి గట్టిగా చేసికొను వంటకమునకు వారు 'న్సీమా' యందురు. మన సంకటికి అది తోబుట్టువు. అచ్చటి రైతు ఎక్కువగా చేతిపారతోనే సేద్యము చేయును. నవంబరులో తొలకరి పడును. మార్చి, ఏప్రిల్ మాసములలో కంకి చేతికి వచ్చును. గాదెలోని పాతగింజ తరిగి, కొత్తగింజ ఇంకను పండని జనవరి, ఫిబ్రవరి మాసములు వారికి ఆకలి మాసములు. ఈ వివరములు వినుచున్నప్పుడు మీలో పలువురికి ఇది పరదేశమని తోచకపోవచ్చును.

ఇట్టి దేశమున 1985లో ఎయిడ్స్ రోగులను మొదట గుర్తించిరి. ఈ వ్యాధికి మూలము హెచ్.ఐ.వి. యను వైరస్. అది స్త్రీపురుష సాంగత్యముచేత, దూషితమైన రక్తముచేత, సూదులచేత, తల్లినుండి బిడ్డకు కడుపులోగాని కాన్పునందుగాని చనుబాలవలనగాని సోకును. ఒకరినొకరు తాకుటవలన, కలిసి భుజించుటవలన, ఒక బావి నీరు త్రాగుటవలన సోకదు. దేహమునకు కావలి కాయు రక్తకణములనే అది తినివేయును. అయితే ఆ పని ఒక్కనాట జరుగదు. చికిత్స లేనిచో ఎనిమిది పదేండ్ల కాలము మనిషి ఆరోగ్యవంతునివలెనే తిరుగుచుండును. కోటకావలివారు ఒక్కొక్కరే పడిపోవుచున్నను కోటలోనివారికి తెలియదు. తుదకు క్షయయో, మరియొక జాడ్యమో లోపల ప్రవేశించినప్పుడు ఎదిరించువాడుండడు.

ఆ తొలినాళ్లలో దేశమంతట మౌనమావరించెను. 1964 నుండి 1994 వరకు పాలించిన హేస్టింగ్స్ బండా ప్రభుత్వము పత్రికల నోరు కట్టివేసినది; ఇట్టి విషయమును నలుగురిలో మాటలాడుటయే తప్పుగా నెంచబడెను. దక్షిణాఫ్రికా బంగారు గనులకు కూలికి పోయి ఇంటికి డబ్బు పంపుచుండిన మలావీ యువకులకు 1980 దశకము చివర గనుల యజమానులు ఈ వ్యాధి పరీక్ష పెట్టవలెనని పట్టుబట్టిరి. దానితో ఆ కొలువుల దారి మూసుకొనిపోయెను. వ్యాధి మాత్రము ఆగలేదు. 1990 దశకము చివరకు 15 నుండి 49 ఏండ్ల వయసుగలవారిలో ఇంచుమించు ఏడుగురిలో ఒకరి రక్తమున ఈ వైరస్ ప్రవేశించియుండెను.

ఇచ్చట నా వృత్తిధర్మము ననుసరించి ఒక మాట చెప్పవలెను. ఏ ఆస్తిలో ఎంత పోయినదని లెక్కించుటకు ముందు ఏది పోయినదో చూడవలెను. కరువు వచ్చినప్పుడు ముందుగా పసిపిల్లలును వృద్ధులును పోవుదురు. ఈ వ్యాధి అట్లు కాదు. ఇది దున్నువారిని, కాపురము చేయువారిని, బడిలో పాఠము చెప్పువారిని, ఆసుపత్రిలో మందిచ్చువారిని ఏరి తీసికొనిపోవును. ఇరువది నుండి నలుబదియైదు ఏండ్ల నడుమనున్న సంపాదించు చేతిని నరకును. తిక్కనసోమయాజి తెనిగించిన స్త్రీపర్వమును మీరు చదివియుందురు. యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలినవారెవరు? కన్నులు లేని వృద్ధరాజు, కడుపుకోతకు గురియైన తల్లులు, పసుపుకుంకుమలు పోయిన కోడండ్రు. నడుమ తరము నేలకొరిగినది. మలావీ పల్లెలలో యుద్ధము లేకయే స్త్రీపర్వము నడచినది.

ఒక రైతు కుటుంబపు జమాఖర్చు వేసి చూతము. భర్త, భార్య, నలుగురు బిడ్డలు, ఒక ముసలితల్లి అనుకొందము. భర్తకు దగ్గును జ్వరమును పట్టుకొన్నవి. మొదటి నష్టము అతని రెండు చేతులు. రోగిని కనిపెట్టుకొనియుండుటకు భార్య పొలము మానును; రెండవ నష్టము ఆమె రెండు చేతులు. తొలకరిలో వేయవలసిన విత్తు పది పదునైదు దినములు ఆలస్యమగును. చేతిపార సేద్యమున ఆ ఆలస్యమే సగము పంట. మందులకును ఆసుపత్రి దారిబత్తెమునకును మేకను అమ్ముదురు. పిదప ఎరువుకై దాచుకొన్న డబ్బు తీయుదురు. గింజలకై భార్య ఇతరుల చేలలో కూలికి పోవును. ఆ కూలికి వారి భాషలో 'గన్యూ' అని పేరు. కలుపు తీయవలసిన కాలమున పరుల చేను కలుపు తీయుచుండగా తన చేను కలుపులో మునుగును. పెద్దకూతురు బడి మానును. భర్త పోవును. వచ్చిన బంధువులకు అన్నము పెట్టుటకు ఉన్న గింజలు ఖర్చగును. రెండు మూడేండ్లకు భార్యయు అదే దారి పట్టును. ముసలితల్లి తన కొడుకు పెట్టవలసిన తిండిని మనుమలకు తానే సంపాదించి పెట్టవలసివచ్చును.

ఈ కుటుంబము కల్పితమే యైనను ఇందులో నడచిన క్రమము ఆ దేశమున లక్షల ఇండ్లలో నడచినది. 2000 తరువాతి సంవత్సరములలో ఈ వ్యాధివలన తలిదండ్రులలో ఒకరినో ఇద్దరినో కోల్పోయిన బిడ్డలు సుమారు ఐదు లక్షలుండిరి. వారిలో అధికభాగమును పోషించినది అనాథాశ్రమములు కావు, అమ్మమ్మలు, నాయనమ్మలు. ఇంకొక నష్టము ఏ చిట్టాకును ఎక్కదు. ఏ నేలలో ఏ విత్తు నిలుచును, పురుగు పట్టని విధముగా గింజనెట్లు నిలువచేయవలెను, ఎండకాలమున ఏ దుంప త్రవ్వుకొని తినవచ్చును అను తెలివి తండ్రినుండి కొడుకునకు, తల్లినుండి కూతునకు పొలముగట్టుమీద సంక్రమించును. తండ్రి ముప్పదియైదవ యేట పోయినచో కొడుకునకు పొలము మిగులును గాని సేద్యము మిగులదు. 2001-02 సంవత్సరములలో అచ్చట కరువు వచ్చినప్పుడు గతమున ఇంతకంటె తక్కువ పంటకు తట్టుకొన్న పల్లెలు కూడ ఈసారి కూలినవేల యని పండితులు ఆలోచించిరి. రోగము కరువును, కరువు రోగమును పెంచినవని అలెక్స్ ద వాల్, అలన్ వైట్‌సైడ్ అను ఇద్దరు 2003లో వాదించిరి. కరువు వచ్చిన ఇంట పడుచుపిల్లలు పూటకూటికై మానమును వెలకట్టుకొనవలసి వచ్చిన సందర్భములు కలవు. ఆ మాట ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు.

విధవల గతి మరియొక అధ్యాయము. మలావీ నడిమి, దక్షిణ భాగములలో చేవా, యావో, లోమ్వే జాతులవారిలో వంశము తల్లివైపున సాగును. ఉత్తరమున తండ్రివైపున సాగును. ఆచారమేదైనను, భర్త పోయిన పిమ్మట అతని బంధువులు వచ్చి మంచము, సైకిలు, కుట్టుమిషను మొదలు గిన్నెలవరకు మోసికొనిపోవు దురాచారము వ్యాపించినది. దీనిని నేరముగా శిక్షించుటకు 2011లో వారసత్వపు చట్టమును తిరుగవ్రాసిరి. శవము ఇంటనుండగనే ఆస్తిని పంచుకొను మనుష్యులు ఆఫ్రికాలోనే పుట్టలేదని మన ఊరి దస్తావేజులు చూచువాడను గనుక నాకు తెలియును.

ఇండ్లు కూలినప్పుడు రాజ్యము నిలువగలదా? క్షయరోగుల సంఖ్య 1985లో ఏటికి సుమారు 5,000 ఉండగా 2000 నాటికి ఇరువదివేలు దాటినది. దేశమున పెద్ద ఆసుపత్రియగు బ్లాంటైర్ నగరపు క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో ఆ రోజులలో చేరిన పెద్దవయసు రోగులలో నూటికి డెబ్బదిమందికి ఈ వైరస్ ఉండెను. వైద్యము చేయవలసిన నర్సులును పోయిరి. బ్రతికినవారిలో పలువురు మంచి జీతమునకై విదేశములకు తరలిరి. లక్షమంది జనులకు ఇద్దరు వైద్యులకు మించి లేరు. ఉపాధ్యాయులు పోయిరి, ఒక్కొక్క బడిలో నూరుమందికి ఒక పంతులు. ఉత్తరమున కరోంగా జిల్లాలో పరిశోధకులు పల్లె పల్లె తిరిగి మరణములు వ్రాసికొనగా, చికిత్స రాకపూర్వము 15 నుండి 59 ఏండ్లలోపు మరణములలో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఈ వ్యాధివలననే యని తేలినది. 2000 ప్రాంతమున ఆ దేశపు సగటు ఆయుర్దాయము నలుబదియైదేండ్ల చుట్టు తిరుగుచుండెను. నావంటి యాబదిదాటినవాడు అచ్చట ఆనాడు అరుదైన వృద్ధుడు.

మందు లేకపోలేదు. 1996 నాటికే మూడు మందులు కలిపి ఇచ్చు చికిత్సవలన వైరస్ అణగునని ప్రపంచమునకు తెలిసినది. సంపన్నదేశములలో రోగులు మంచములనుండి లేచి కొలువులకు పోవుచుండిరి. అయితే ఆ మందుల ఖరీదు మనిషి ఒక్కంటికి సంవత్సరమునకు పదివేల డాలర్లు, అంతకు పైమాట. నాటి మారకమున నాలుగున్నర లక్షల రూపాయలు. మలావీలో సగటుమనిషి సంవత్సరాదాయము రెండువందల డాలర్లు కూడ లేదు. ఏబదియేండ్లు కూలిచేసి కూడబెట్టిన సొమ్ము ఒక్క సంవత్సరపు మందునకు చాలదు. ఔషధమున్నది, రోగియున్నాడు, నడుమ అడ్డముగా ధర యను గోడ నిలిచినది.

ఆ గోడకు గండిపడినది మన దేశమునుండి. 1970లో చేసిన పేటెంటు చట్టము ప్రకారము ఆనాడు మందును చేయు పద్ధతికే హక్కు గాని, మందునకే హక్కు లేకుండెను. కనుక వేరు పద్ధతిని అదే మందు చేయుటకు మన రసాయనజ్ఞులకు స్వేచ్ఛ యుండెను. 2001 ఫిబ్రవరిలో ముంబయిలోని సిప్లా సంస్థ అధిపతి యూసుఫ్ హమీద్, మూడు మందుల చికిత్సను ఏటికి 350 డాలర్లకు ఇత్తునని సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు మాట ఇచ్చెను. దినమునకు ఒక డాలరుకంటె తక్కువ! ఆ దెబ్బతో విదేశీ కంపెనీలు కూడ ధర తగ్గింపక తప్పలేదు. సిప్లా ఒక్కటే కాదు. హైదరాబాదు కేంద్రముగా గల హెటెరో, అరబిందో మొదలగు సంస్థలు ఈ మందులను విశేషముగ తయారుచేసి ఆఫ్రికా దేశములకు పంపినవి. 2017లో కొత్తరకపు మూడుమందుల మాత్రను ఏటికి సుమారు 75 డాలర్లకు ఇచ్చుటకు కుదిరిన ఒడంబడికలో అరబిందో ఒక పక్షము. 2023లో ఆ ధర 45 డాలర్లకు దిగువకు వచ్చినది. అనగా నేటి లెక్కన సుమారు నాలుగువేల రూపాయలు. ఈ మందులు మన తెలుగువారు ఉచితముగ దానము చేసినవి కావు, వ్యాపారమే చేసిరి. అయినను వ్యాపారము న్యాయమైన ధరకు జరిగినప్పుడు దానమునకంటె ఎక్కువ ప్రాణములను నిలుపగలదని ఈ లెక్క చెప్పుచున్నది.

ధర తగ్గినంతమాత్రమున మందు రోగి నోటిలో పడదు. వైద్యులు లేరు, రక్తపరీక్షల యంత్రములు లేవు, మంచి బాటలు లేవు. పెద్దపెద్దవారు కొందరు ఆఫ్రికా పల్లెవాసులకు ఈ చికిత్స నడపుట సాధ్యము కాదనిరి. మలావీ ఏమి చేసినదో వినుడు. నాకు ఈ కథలో అన్నిటికంటె ముచ్చటగొలుపు భాగమిదియే.

2004లో ప్రభుత్వము దేశమంతట ఉచిత చికిత్స ప్రారంభించినది. అదే సంవత్సరము దేశాధ్యక్షుడు బకిలి ములూజీ తన సోదరుడు ఈ వ్యాధితోనే మరణించెనని బహిరంగముగ చెప్పెను. మౌనము తలుపు అట్లు తెరచుకొన్నది. ప్రపంచ నిధి యను అంతర్జాతీయ సంస్థ మందులకు డబ్బిచ్చినది. అందరికి ఒకే రకపు మాత్ర: మూడు మందులు ఒకదానిలో కలిపినది, ఉదయమొకటి, రాత్రియొకటి. వైద్యులు లేనిచోట వైద్యసహాయకులకు, నర్సులకు తరిఫీదు ఇచ్చి వారిచేతనే చికిత్స మొదలుపెట్టించిరి. యంత్రము లేనిచోట రోగలక్షణములనుబట్టి నిర్ణయించిరి. ఆరోగ్యసేవకులు కొలువు విడిచిపోకుండ జీతముమీద నూటికి 52 చొప్పున అదనముగ ఇచ్చిరి.

అన్నిటికంటె ముఖ్యమైనది వారి ఆవర్జా. క్షయరోగ చికిత్సలో అదివరకే అలవాటైన పద్ధతిని, ఆంథనీ హారీస్ అను ఆంగ్లవైద్యుడు మొదలగువారి సాయముతో దీనికి మలచుకొనిరి. ప్రతి రోగికి ఒక సంఖ్య, ఒక కార్డు. ప్రతి చికిత్సాలయమున ఒక పెద్ద పుస్తకము. అందులో గడులు: బ్రతికి మందు తీసికొనుచున్నవారు, మరణించినవారు, మందు మానినవారు, వేరుచోటికి మారినవారు, జాడ తెలియనివారు. మూడునెలలకొకమారు రాజధానినుండి తనిఖీదారులు ప్రతి చికిత్సాలయమునకు స్వయముగ వెళ్లి కార్డులు లెక్కించి, పుస్తకముతో సరిచూచి, తేడా యున్నచో సవరించి, బాగుగ వ్రాసినవారికి యోగ్యతాపత్రము ఇచ్చుచుండిరి. ఎంతమంది బ్రతికియున్నారో అంతమందికి సరిపడు మందులను ఆ లెక్కనుబట్టియే పంపిరి. ఖరీదైన యంత్రమేమియు లేదు. కాగితము, కలము, నిజము వ్రాయు చేయి. 2004 చివరకు చికిత్సలో చేరినవారు సుమారు 13,000. 2006 చివరకు 80,000 దాటిరి.

ఆ పుస్తకము చేదునిజమును కూడ దాచలేదు. చికిత్స మొదలుపెట్టినవారిలో పలువురు తొలి మూడుమాసములలోనే మరణించుచుండిరి. మందు పనిచేయకకాదు, వారు ఆలస్యముగ వచ్చిరి. ఆ గడిని చూచి ముందుగా పరీక్ష చేయవలెనని, క్షయను వెంటనే వెదకవలెనని నిశ్చయించిరి. తొలి మాత్రవలన కొందరికి పాదముల మంటలు, బుగ్గలు పీక్కుపోవుట కలుగుచుండగా 2011 తరువాత దానిని క్రమముగ మార్చిరి. లెక్కలు వ్రాయుట చచ్చినపనియని మా వృత్తిని చూచి నవ్వువారు కలరు. నిజమైన లెక్క ప్రాణరక్షణ సాధనమని నేను వారికి ఈ ఉదాహరణము చూపుదును.

ఇక తల్లుల సంగతి. ఉత్తర గర్భమునందున్న పరీక్షిత్తును బ్రహ్మాస్త్రము దహింపబోగా శ్రీకృష్ణుడు రక్షించిన కథ మీకందరకు తెలిసినదే. కురువంశమున మిగిలిన ఒక్క మొలక అది. గర్భిణికి ఈ వ్యాధియున్నచో బిడ్డకు సోకకుండ మందు ఇయ్యవచ్చును. అయితే నాటి పద్ధతిలో తల్లి రక్తము పరీక్షించి, కావలికణముల సంఖ్యనుబట్టి ఎవరికి కొన్నాళ్లు, ఎవరికి జీవితాంతము అని నిర్ణయింపవలెను. పల్లెలలో ఆ యంత్రము లేదు. మలావీ తల్లి పలుమారులు గర్భవతి యగును. మందు మొదలుపెట్టుట, మానుట, మరల మొదలుపెట్టుట చిక్కు. కనుక 2011లో వారొక సాహసము చేసిరి. గర్భిణికిగాని, పాలిచ్చు తల్లికిగాని వైరస్ ఉన్నదని తెలిసిననాడే, ఏ సంఖ్యయు చూడక, జీవితాంతము మందు ఇయ్యవలెనని శాసించిరి. ప్రపంచమున ఈ పద్ధతిని జాతీయముగ మొదట అవలంబించినది ఆ పేదదేశమే. 2011 రెండవ త్రైమాసికమున చికిత్స మొదలుపెట్టిన గర్భిణులు, పాలిచ్చు తల్లులు 1,257 మంది; 2012 మూడవ త్రైమాసికమున 10,663 మంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇతర దేశములకు కూడ ఆ త్రోవ చూపినది. పేదవాడు పాఠము చెప్పగా ధనికుడు వ్రాసికొన్న సందర్భమిది. బిడ్డ బ్రతికెను, తల్లియు బ్రతికెను గనుక ఆ బిడ్డ అనాథ కాలేదు.

ఫలితము చూడుడు. ఈనాడు మలావీలో ఈ వైరస్‌తో జీవించుచున్నవారు సుమారు పదిలక్షలు. వారిలో ఇంచుమించు పదింట తొమ్మిదిమంది మందు తీసికొనుచున్నారు. సగటు ఆయుర్దాయము అరువదేండ్లు దాటినది. క్రమము తప్పక మందు తీసికొని రక్తమున వైరస్ కనబడనంతగా అణగినవారినుండి సాంగత్యముచేత అది ఇతరులకు సోకదని శాస్త్రము నిశ్చయించినది. కనుక ఒకని మందు ఇంకొకని రక్ష. మునుపు శవపేటికలు చేయువారి వీధులలో తీరికలేని నగరమున నేడు నలుబదియేండ్ల తల్లి తన కూతురి పెండ్లి చూచుచున్నది.

ఇంతటితో ముగించినచో వినుటకు ఇంపుగ నుండును. కాని లెక్క పూర్తికాదు. ఈ వ్యాధికి మందు కలదుగాని ముగింపు లేదు. ప్రతిదినము మాత్ర వేసికొనవలెను. మానినచో వైరస్ మరల లేచును. మలావీ ఖజానాకు అంత శక్తి లేదు. మందుల ఖర్చులోను, సేవకుల జీతములలోను అధికభాగము ప్రపంచ నిధి నుండియు, 2003లో అమెరికా ప్రారంభించిన పెప్ఫార్ పథకమునుండియు వచ్చుచుండెను. 2025 జనవరి 20వ తేదీన అమెరికా అధ్యక్షుడు విదేశసహాయమును తొంబదిదినములు నిలిపి పరిశీలింపవలెనని ఉత్తరువు చేసెను. ఆ సహాయమును నడపుచుండిన సంస్థ అదే సంవత్సరము జూలై 1వ తేదీనుండి తన కార్యక్రమములను చాలించినది. మలావీలో ఆ సొమ్ముతో నడచుచుండిన కొన్ని చికిత్సాలయములు మూతపడినవి; ఆరోగ్యసేవకులు పలువురు కొలువులు కోల్పోయిరి. నలుగురు పెద్దలు దూరదేశమున ఒక కాగితముమీద గీత గీసినచో పల్లెలోని తల్లి సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టుకొనవలసి వచ్చుట ఎంత దారుణము! సహాయము చేయువాడు ఎన్నటికి ఇయ్యవలెనని నేను అనను. ఒకరి ప్రాణమును ఖాతాలో చేర్చుకొన్నవాడు ఆ ఖాతాను చెప్పకుండ మూయరాదని మాత్రము అందును. చిన్న పద్దుల పుస్తకము నడపువారికి కూడ తెలిసిన ధర్మమిది.

ఇక మన మాట. మన దేశమున ఈ వైరస్‌ను 1986లో చెన్నపట్టణమున మొదట కనుగొనిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఈ వ్యాధి హెచ్చుగనున్న రాష్ట్రములలో ఒకటిగా లెక్కకెక్కినది. మలావీవలెనే మనకును 2004లోనే, ఏప్రిల్ 1వ తేదీన, ప్రభుత్వపు ఉచిత చికిత్స ప్రారంభమైనది. 2017లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము ఈ వ్యాధి యున్నదని ఒకరిని బడినుండి, కొలువునుండి, ఇంటినుండి వెలివేయుట నిషిద్ధము. మందు కలదు, చట్టము కలదు. లేనిదేమి? నలుగురిలో చెప్పుకొను ధైర్యము. పరీక్షకు పోవు మనిషి నేటికిని తన ఊరి ఆసుపత్రి విడిచి, ఎవరు ఎరుగని పట్టణమునకు పోవుచున్నాడు. ఆ దారిఖర్చు ప్రభుత్వము విధించినది కాదు. మనము విధించిన సిస్తు.

కొందరు పెద్దలు దీనిని పాపఫలమందురు. శాస్త్రములు చదివిన నా కొలది జ్ఞానముతో వారికి ఒక ప్రశ్న వేయుదును. కడుపులోని శిశువు చేసిన పాపమేమి? భర్తను నమ్మి కాపురము చేసిన ఇల్లాలు చేసిన పాపమేమి? కర్మసిద్ధాంతము మన నడవడి దిద్దుకొనుటకు పెద్దలు చెప్పినదిగాని, ఎదుటివాని మంచముప్రక్క నిలిచి తీర్పు చెప్పుటకు చెప్పినది కాదు. రంతిదేవుడు తన చేతనున్న కడపటి నీటిని దప్పిగొన్నవానికి పోసినప్పుడు అతని కులమును, అతని పూర్వకర్మమును అడుగలేదు.

కనుక ఈ రజతోత్సవమున కార్యవర్గమువారికి నా విన్నపము. మన గ్రంథాలయమున వైద్యవిషయములు సులభమైన తెలుగులో చెప్పు పుస్తకములకు ఒక బీరువా కేటాయింపుడు. మాసమునకొకమారు ఆరోగ్యకేంద్రపు నర్సమ్మగారినో, ఆశా కార్యకర్తనో పిలిచి యువకులకును, వేరుగ స్త్రీలకును ఈ విషయములు చెప్పింపుడు. చికిత్స పొందుచున్నవారెవరైన ఇచ్చటికి వచ్చినచో వారికి ఎల్లర సరసన కుర్చీ వేయుడు. మలావీ తన మౌనమునకు ఇరువది సంవత్సరములు వెల చెల్లించినది. ఆ వెల అచ్చులో మన కన్నులయెదుట నున్నది; మరల మనము చెల్లింపనక్కరలేదు.

లెక్కల పుస్తకమున ప్రతి పుట అడుగున మిగిలిన నిలువను తరువాతి పుటకు ఎత్తి వ్రాయుట మా ఆచారము. మలావీ ఆవర్జాలో 'బ్రతికియున్నవారు' అను గడిలోని పేర్లు ప్రతి మూడునెలలకు ఆ విధముగనే తరువాతి పుటకు ఎక్కుచుండవలెనని, మన నేలమీద చేసిన మాత్ర వారికి తప్పక అందుచుండవలెనని కోరుకొనుచున్నాను.